ఏడుసార్లు పేలిన గొట్టం

నేను ఒక ఇత్తడి తూటా గొట్టాన్ని. మీ చిటికెన వేలంత ఉంటాను. సైన్యం కోసం నన్ను తయారుచేసి, కొండ కింది మైదానంలో ఒకసారి పేల్చి వదిలేశారు. నా బతుకు అక్కడితో తీరిపోవలసింది. దస్తగిరి నన్ను ఏరుకున్నాడు.

దస్తగిరి సైన్యంలో తుపాకులు బాగుచేసిన హవల్దారు. రిటైరయ్యాక కర్నూలు శివారులోని రైఫిల్ క్లబ్బులో ఆయుధాల గది చూసుకునేవాడు. క్లబ్బుకు సైన్యం తూటాలు రావడం ఆగిపోయింది. పెద్ద పోటీకి వెళ్లాల్సిన డ్రిల్లు టీచరు ఇందుమతి చేతిలో తుపాకీ ఉంది, తూటా లేదు. అందుకని దస్తగిరి పైవాళ్ల అనుమతి తీసుకుని, ఖాళీ గొట్టాల అడుగున నిప్పు పుట్టించే కొత్త టోపీ బిగించి, మందు తూచి పోసి, మూతిలో గుండు కూర్చి మళ్లీ తూటాలు చేయసాగాడు. సైన్యం తూటా ఎంత సూటిగా పోతుందో ఇదీ అంతే సూటిగా పోవాలి. కాల్చే మనిషి చేతులూ కళ్లూ మాత్రం పదిలంగా ఉండాలి.

తక్కువ మందుతో మొదలుపెట్టి రవ్వంత రవ్వంత పెంచేవాడు. పేలిన ప్రతిసారీ నన్ను అరచేతిలో పెట్టుకుని, మెడ చీలిందేమోనని గోటితో తడిమేవాడు. గోరు తగులుకున్న గొట్టాన్ని పట్టకారుతో నలిపేసేవాడు. మనుషులు ఒకరినొకరు ఇంత శ్రద్ధగా చూసుకోవడం నేనెక్కడా చూడలేదు.

ఆ గదిలో రెండు స్టూళ్లుండేవి. ఒకటి దస్తగిరిది. రెండోదాని మీద ఎవరూ కూర్చునేవారు కాదు. అయినా అటునుంచి ఊపిరి వినిపించేది. నా మూతి అటు తిరిగి ఉంటే, ఆ ఊపిరి నాలోకి వచ్చి పోయేది.

ఏడోసారి పేలడం కోసం నన్ను నింపుతున్న మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఇరవై గొట్టాలు నిలబెట్టి మందు పోశాడు. నాలో పడ్డ మందు వాసన కొత్తగా ఉంది. చెప్పడానికి నాకు నోరుంది కానీ మాట లేదు. ఆయన గుండు అందుకున్నాడు.

"దస్తా, డబ్బా చూడు."

మాట రెండో స్టూలు వైపునుంచి వచ్చింది. దస్తగిరి వేళ్లలోంచి గుండు జారిపోయింది. డబ్బా తిప్పి చూశాడు. అది రైఫిల్ మందు కాదు. పిట్టల వేట తుపాకీలో వాడే, భగ్గున మండే మందు. రెండు డబ్బాలదీ ఒకే రంగు.

సాయంత్రం ఇందుమతి వచ్చేసరికి బల్ల మీద అన్నీ ఖాళీ గొట్టాలే.

"తూటాలేవి మామా? వారంలో పోటీ కదా."

"మందు పారబోసినా టీచరమ్మా." దస్తగిరి రెండు డబ్బాలూ ఆమె ముందుకు జరిపాడు. "పన్నెండేండ్ల కిందట గూడా ఈ గదిలోనే ఇట్లే డబ్బా మార్చినా. ఆ తూటా నా నేస్తగాడు యేసురత్నం కాల్చినాడు. తుపాకీ పగిలి సచ్చిపోయినాడు. తుపాకీదే తప్పని రాసుకున్నారు. నేను నోరిప్పలా. ఈ పొద్దు ఆ స్టూలు మీంచి వాడే నన్ను ఆపినాడు."

ఇందుమతి రెండో స్టూలు లాక్కుని కూర్చుంది.

"బల్ల మీద ఒక్క డబ్బానే పెట్టు మామా. పేరు నేను చదివినాకనే నువ్వు పొయ్యాల." అంతలోనే లేచి స్టూలు తడిమింది. "ఇదేంది, ఇంత వెచ్చగుంది?"

ఆయన పిట్టల మందు డబ్బా తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మర్నాడు పొద్దున మూడువందల గజాల దూరంలో గురి అట్ట పెట్టారు. పోల్చి చూడడానికని దాచి ఉంచిన సైన్యం తూటాలు ఐదు, రాత్రి సరైన మందుతో నింపిన మావి ఐదు ఇందుమతి కాల్చింది. పది రంధ్రాలూ ఒక అరచేతి కింద ఇమిడిపోయాయి. ఏవి ఎవరివో ఇందుమతి పోల్చుకోలేకపోయింది. దస్తగిరి అట్టకేసి చూడలేదు, ఆమె రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూశాడు.

ఏడోసారి పేలిన నా మెడ దగ్గర ఆయన గోరు తగులుకుంది. పట్టకారు తీశాడు, ఎందుకో మళ్లీ కింద పెట్టాడు. నన్ను జేబులో వేసుకుని గుంతకల్లు బస్సెక్కాడు.

యేసురత్నం భార్య రూతమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. దస్తగిరి నన్ను ఆమె చేతిలో పెట్టి, నిలబడే అంతా చెప్పాడు. ఆమె వింటూనే గింజలు తీసింది.

"కూచో దస్తగిరీ," అంది చివరికి. "నువ్వొస్తావని మా ఆయన పొద్దున్నే చెప్పినాడు. నువ్వు చెప్పేదాంక నిన్నేమీ అడగొద్దన్నాడు."

దస్తగిరి కూర్చోలేకపోయాడు, గోడ పట్టుకుని ఏడ్చాడు.

ఇప్పుడు నేను ఆమె కిటికీలో ఉంటున్నాను. ఈదురుగాలికి నా మూతిలోంచి సన్నటి ఈల వస్తుంది. రూతమ్మ వంట చేసుకుంటూ దానికి జవాబు చెబుతుంది. అది గాలేనని మొదట్లో అనుకునేవాణ్ని. గాలి లేని రోజున కూడా ఆమె మాట్లాడుతూనే ఉంటుంది. ఆ రోజున కూడా నేను మోగుతూనే ఉంటాను.