ఆల్జీబ్రా క్లాసులో ఒక్కతే

సెప్టెంబరులో జకియా బడి నుంచి తెచ్చిన లెక్కల పుస్తకం చూసి లవోన్ పెట్వే గరిటె పక్కన పెట్టింది.

"ఇది పోయినేడు చేసిందేగా?"

"అదే."

"మళ్ళీ అదెందుకిచ్చారు?"

"మా క్లాసుకి అదేనమ్మా." జకియా అరటిపండు ఒలుచుకుంటూ చెప్పింది. "ఆల్జీబ్రా వాళ్ళు వేరే. పైఅంతస్తులో కూర్చుంటారు."

పదమూడేళ్ళ పిల్ల. అక్షరాలు రాకముందే, వాళ్ళ నాన్న క్లైడ్ స్నేహితులతో చుక్కల బిళ్ళలతో డామినోలు ఆడుతుంటే పక్కన నిలబడి అందరి పాయింట్లూ నోటితో కట్టేసేది. ఆటలో తొండి చేయబోయిన పెద్ద మగవాళ్ళు ఆ పిల్ల వంక చూసి నాలిక కరుచుకునేవారు. పోయినేడు లెక్కల్లో క్లాసు మొత్తానికి మొదటి మార్కు ఆమెదే. ఆమె కంటే బాగా వెనకబడిన తెల్లపిల్లలు ఇప్పుడు పైకి వెళ్ళారు. అమెరికాలోని ఈ మిల్వాకీ ఊళ్ళో ఉత్తరపు పేటల నుంచి బస్సెక్కి ఆ బడికి వెళ్ళే నల్లపిల్లల్లో ఒక్కరూ ఆ మెట్లెక్కలేదు.

లవోన్ వృద్ధుల ఆశ్రమంలో సాయంత్రం వంట చేస్తుంది. పొద్దున ఖాళీయే కాబట్టి మర్నాడే బడికి వెళ్ళింది. పిల్లలకి సలహాలిచ్చే ఆవిడ ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, నవ్వుతూ మాట్లాడింది. "జకియా ఇప్పుడు సంతోషంగా ఉంది మిసెస్ పెట్వే. తన స్నేహితులంతా ఈ క్లాసులోనే ఉన్నారు. అనవసరంగా బరువెత్తడం ఎందుకు చెప్పండి?" లవోన్ ఏదో అనబోయింది. ఆవిడ లేచి నిలబడింది. లవోన్ కూడా లేచి, "థాంక్స్ అండీ" అని బయటికొచ్చేసింది. కారులో కూర్చున్నాక తల కొట్టేసినట్టయింది. దేనికి థాంక్స్ చెప్పాను?

ఆ సంగతి చర్చి నేలమాళిగలో మిస్ ఒడెస్సాకి చెప్పింది. మిస్ ఒడెస్సా క్రంప్ నర్సుగా రిటైరైన మనిషి. మంగళవారాలు అక్కడ తల్లిదండ్రుల్ని కూడేసేది. ఎవరి పిల్లాడిని బడిలోంచి గెంటేసినా, ఎవరి పిల్లని మందబుద్ధి అని రాసేసినా ముందు ఆవిడ దగ్గరికే వస్తారు.

"ఒక్కదానివీ ఎందుకెళ్ళావు?"

"మాట్లాడి వద్దామని…"

"ఒక్కదానివే వెళితే కాఫీ ఇచ్చి పంపిస్తారు. కాఫీ బాగుందా?"

అందరూ నవ్వారు. లవోన్ కూడా నవ్వింది, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే.

తర్వాతి వారం, ఆదివారం చర్చికి వేసుకునే బట్టల్లో, టోపీలతో సహా, మంగళవారాలు కూడే జనమంతా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళారు. రాత్రంతా బస్సు నడిపొచ్చిన క్లైడ్ కూడా నిద్ర మానేసి టై కట్టుకున్నాడు. కుర్చీలు చాలక ప్రిన్సిపాల్ పక్క గదుల్లోంచి తెప్పించాడు. మిస్ ఒడెస్సా గొంతు పెంచలేదు. "ఈ పిల్లకి రాని లెక్క ఏదో మీరే చూపించండి" అని మాత్రం అడిగింది. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పి, చివరికి సోమవారం నుంచి పైఅంతస్తుకి రమ్మన్నాడు.

ఆ శుక్రవారం చర్చిలో చేపలు వేయించారు. వచ్చిన ప్రతివాళ్ళూ జకియా బుగ్గ నిమిరి, "మా అందరి తరఫునా వెళ్తున్నావే తల్లీ" అన్నారు. జకియా తల దించుకుని నవ్వింది. లవోన్‌కి కడుపు నిండిపోయింది.

పైఅంతస్తులో లెక్కలు చెప్పేది మిస్టర్ బ్రాంట్. అరిచే మనిషి కాదు. జకియా చెయ్యెత్తితే అటు చూసేవాడు కాదు, అంతే. ఇద్దరిద్దరు కలిసి చేయమన్నప్పుడు పిల్లలు చకచకా జతలు కట్టేసేవారు. మిగిలిపోయిన జకియాని, "నువ్వు ఒక్కదానివే చేసుకో" అనేవాడు. మొదటి పరీక్షలో అన్నీ ఒప్పులే వచ్చాయి. ఆయన ఆమెను తలుపు దగ్గరి బల్ల మీద కూర్చోబెట్టి, ఇంకో ప్రశ్నపత్రం ఇచ్చి మళ్ళీ రాయించాడు. "ఊరికే, ఓసారి సరిచూసుకుందామని" అన్నాడు. అందులోనూ అన్నీ ఒప్పులే.

జకియా ఇంట్లో చెప్పింది ఈ ఒక్క సంగతే. లవోన్‌కి ఒళ్ళు మండిపోయింది. మర్నాడే మిస్ ఒడెస్సాని వెంటపెట్టుకుని వెళ్ళింది. ప్రిన్సిపాల్ విచారం వెలిబుచ్చాడు. బ్రాంట్‌తో మాట్లాడతానన్నాడు.

మాట్లాడే ఉంటాడు. ఎందుకంటే ఆ రోజు నుంచి బ్రాంట్ జకియా ఏం చేసినా అందరి ముందూ మెచ్చుకోవడం మొదలెట్టాడు. బోర్డు మీద చిన్న కూడిక చేసినా, "చూశారా, ఎంత బాగా చేసిందో! చప్పట్లు కొట్టండి" అనేవాడు, నర్సరీ పిల్లతో అన్నట్టు. వెనక వరసల్లో కిసకిసలు వినిపించేవి. కింద క్లాసులోని పాత స్నేహితురాళ్ళు భోజనాల గదిలో ఆమెను చూసి, "జరగండే, మేడమ్‌గారొచ్చారు" అనేవారు. వాళ్ళు హాస్యానికే అనేవారేమో. జకియా మాత్రం వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళడం మానేసింది.

నవంబరులో మంచు పడడం మొదలయ్యేసరికి సోమవారం వచ్చిందంటే కడుపునొప్పి అనేది. లవోన్ అల్లం టీ పెట్టి తాగించి పంపించేది. "కష్టమైన పని కదా, మొదట్లో అలాగే ఉంటుంది" అనేది. క్లైడ్ ఒకసారి అన్నాడు కూడా. "పిల్ల మొహం చూశావా లవోన్? డామినోలు బయటికి తీస్తే లేచి వెళ్ళిపోతోంది."

"పెద్దదవుతోంది."

"పెద్దవాళ్ళు ఆడరా మరి?"

లవోన్ అల్లం దంచడం మొదలెట్టింది.

ఒక ఆదివారం సాయంత్రం జకియాని కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని పాత జడలు విప్పి తల దువ్వుతోంది. మెడ పైన, వెనక భాగంలో దువ్వెన దేనికీ తగలకుండా జారిపోయింది. జుట్టు పక్కకి తీసి చూస్తే అక్కడ నున్నటి చర్మం, నాణెమంత మేర. చుట్టూ పొట్టిపొట్టిగా తెగిన వెంట్రుకలు.

"ఏంటే ఇది?"

"ఏం లేదు."

"జకియా."

"క్లాసులో పీక్కుంటానమ్మా. నాకు తెలియకుండానే చెయ్యి పోతుంది."

జకియా వెనక్కి తిరగకుండానే అంది. "నన్ను కింద క్లాసుకి పంపించెయ్యమ్మా."

"ఇంకొన్నాళ్ళు ఓర్చుకో తల్లీ. అంతమంది వెళ్ళి అడిగితే వచ్చిన చోటు అది. నీ వెనక ఇంకా పిల్లలున్నారు. నువ్వు నిలబడితేనే వాళ్ళకి తలుపు తీస్తారు."

"నేను తలుపుని కాదమ్మా."

గట్టిగా కూడా అనలేదు. లవోన్ ఆ నున్నటి చోట నూనె రాసి, దాని మీద కప్పేలా జడ అల్లింది.

మంగళవారం ఆ మాట మిస్ ఒడెస్సాకి చెబితే ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"జనవరిలో ఇంకో ఇద్దరి కోసం వెళ్తున్నాం. మీ పిల్ల ఇప్పుడు దిగిందంటే, చూశారా, మేం ముందే చెప్పాం అంటారు."

"తెలుసు మిస్ ఒడెస్సా."

"మా కాలంలో తెల్లవాళ్ళ బడిలో మా మీద ఉమ్మారే పిల్లా. అయినా కూర్చున్నాం."

"మీ పక్కన ఇంకొకరు కూర్చోలేదా?"

ఆవిడ తలెత్తి చూసింది. "మేం నలుగురం ఉండేవాళ్ళం" అంది మెల్లగా.

మర్నాడు లవోన్ ఎవరికీ చెప్పకుండా బడికి వెళ్ళి, క్లాసులో వెనక కూర్చుని చూస్తానంది. తల్లిదండ్రులు అడిగితే కాదనకూడదని బడి నియమం. బ్రాంట్ కుర్చీ చూపించాడు. జకియా తల్లిని చూసి మొహం తిప్పుకుంది. పాఠం జరుగుతున్నంతసేపూ ఎవరూ ఆ పిల్లని ఏమీ అనలేదు. పక్క బల్ల ఖాళీ. చెయ్యెత్తనే లేదు. ఏదో లెక్క ఇచ్చారు. అందరికంటే ముందు చేసేసి కలం కింద పెట్టి కిటికీలోంచి మంచు వంక చూస్తూ కూర్చుంది. ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేచి జడల కిందికి దూరింది.

లవోన్ లేచింది. ముందు వరస దాకా నడిచి వెళ్ళి, అందరూ చూస్తుండగా, పిల్ల చెయ్యి పట్టుకుని కిందికి దించింది. "పద" అంది.

ప్రిన్సిపాల్ ఈసారి కాగితాలు తిప్పలేదు. కింద క్లాసుకి మార్చే కాగితం మీద సంతకం వెంటనే చేసేశాడు. "ప్రయత్నించారు కదా మిసెస్ పెట్వే, అదే గొప్ప" అని చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకోక తప్పలేదు.

జనవరిలో మిస్ ఒడెస్సా ఇద్దరు పిల్లల కోసం మళ్ళీ అందరినీ తీసుకెళ్ళింది. లవోన్ కూడా వెళ్ళింది. ఆవిడ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. అనుకున్నట్టే ప్రిన్సిపాల్ లవోన్ వైపు చూపించాడు. "ఇది పిల్లలకి ఎంత కష్టమో మిసెస్ పెట్వేని అడగండి."

"లెక్కలు కష్టం కాలేదు మా పిల్లకి. ఒంటరిగా కూర్చోబెట్టారు. ఇద్దరినీ కలిపి పంపించండి" అంది లవోన్.

"ఒక్క చోటే ఉందండీ" అన్నాడాయన.

చాలాసేపు వాదించారు. చివరికి డిమెట్రియస్ అనే కుర్రాడికి ఆ చోటు ఇచ్చారు. రెండో పిల్లను వచ్చే ఏడాది చూద్దామన్నారు. బయట కార్ల దగ్గర డిమెట్రియస్ తల్లి లవోన్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. సంతోషపడాలో భయపడాలో ఆమెకే తెలియడం లేదు.

"నేనొచ్చి కూర్చుంటాను. పొద్దున నాకు పనుండదు. వారానికి రెండుసార్లయినా వస్తాను, వెనక కుర్చీలో" అంది లవోన్.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతే చెప్పింది. క్లైడ్ బాగుందన్నట్టు తలూపి, డ్యూటీకి వేళయిందని లేచాడు. జకియా ఆకుకూర పళ్ళెంలో అటూ ఇటూ జరుపుతోంది. జుట్టు మళ్ళీ మొలుస్తోంది. లెక్కల పుస్తకం మాత్రం ఇంట్లో తెరవడం లేదు. కింద క్లాసులో అందరికీ వచ్చినన్ని మార్కులే తెచ్చుకుంటోంది.

"వాడి కోసం వెళ్ళి కూర్చుంటావా?"

"ఆ. వాడొక్కడే కదా."

జకియా ఫోర్కు కింద పెట్టింది. "మరి నాకెందుకు కూర్చోలేదు?"

లవోన్‌కి చర్చిలో చేపలు వేయించిన రోజు ఎంత పొంగిపోయిందో గుర్తొచ్చింది.

"అప్పుడు తట్టలేదు తల్లీ. లోపలికి పంపిస్తే చాలనుకున్నాను."

జకియా కాసేపు తల్లిని అలాగే చూసింది. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది లవోన్‌కి. తర్వాత పిల్ల తన పళ్ళెం, నాన్న పళ్ళెం తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడి కడగడం మొదలెట్టింది.