అక్క పుట్టిన తేదీ

ఈ నెలాఖరుకి నేను రిటైర్ కావాలని ఆర్డరు వచ్చింది. కాగితం ప్రకారం నాకు అరవై నిండుతున్నాయట. నిజానికి నిండేది యాభై ఎనిమిది. మిగతా రెండేళ్లూ మా అక్కవి.

అక్క మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడే పోయింది. నాన్న ఆ చావు రాయించలేదు. రెండేళ్లకి నేను పుడితే, మళ్లీ ఆఫీసుల చుట్టూ ఎవడు తిరుగుతాడు, రిజిస్టర్లో ఎలాగూ ఒక ఆడపిల్ల ఉంది కదా అని, అక్క పేరే నాకు పెట్టి చేతులు దులుపుకున్నాడు. దాని పుణ్యమా అని నన్ను రెండేళ్లు ముందే బడిలో వేశారు. నాన్న తెలివికి ఇంటిల్లిపాదీ మురిసిపోయారు కూడా.

నేను ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తాను. ఉద్యోగం ఉన్నంతవరకే మా ఆయనకి వారానికి మూడుసార్లు డయాలసిస్ ఉచితం. బయట చేయించే స్తోమత మాకు లేదు. తర్వాత ఏమిటని ఆయన అడగడు, నేనూ ఆ మాట ఎత్తను. ఆ రెండేళ్లూ నాకు కావాలి.

అక్క పోయిందని చెప్పగలిగిన మనిషి అమ్మ ఒక్కతే మిగిలింది. ఎనభై దాటినా జ్ఞాపకశక్తి చెక్కుచెదరలేదు. కానీ ఆ పిల్ల ఊసెత్తితే చాలు, లేచి వెళ్లిపోతుంది. ఈసారి వెళ్లనివ్వలేదు. "నీ అల్లుడి ప్రాణమమ్మా" అని కాళ్లావేళ్లా పడి, బస్సెక్కించి జనన మరణాల ఆఫీసుకి తీసుకెళ్లాను. అక్క చావు రాసి నా పుట్టిన తేదీ సరిచేయమని అర్జీ ఇచ్చాను.

గుమాస్తా మంచివాడే. అమ్మకి కుర్చీ వేసి, అట్ట ఊడిన రిజిస్టరు తీసి పేజీ వెతికాడు.

"చెప్పండి పెద్దమ్మా, మొదటి పాప ఎలా పోయింది?"

అమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"పాలు తాగుతూ తాగుతూ వదిలేసింది నాయనా. నిద్రపోయిందనుకుని గంటసేపు ఒళ్లోనే పెట్టుకున్నా."

ఇన్నేళ్లలో అమ్మ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపు ఆగలేదు.

గుమాస్తా పెన్ను మూసి నా వైపు తిరిగాడు. "నేను నమ్ముతానమ్మా. కానీ ఈ పాప పోయినట్టు రాస్తే, మీరు ఈ పుస్తకంలో ఎక్కడా ఉండరు. చనిపోయినామె కాగితం మీద ఉద్యోగం చేశారని పెన్షన్ కూడా ఆపేస్తారు."

"అయితే నేను పుట్టినట్టు కొత్తగా రాయండి."

"పుట్టిన ఏడాదిలోపు రాయించుకోవాలండి, అప్పటి రూలు అది. ఇప్పుడు కోర్టుకెళ్లాలి. ఐదారేళ్లు పడుతుంది."

ఐదారేళ్లట! నాకున్నవి పంతొమ్మిది రోజులు. నాన్న బతికుంటే కడిగిపారేసేదాన్ని. అర్జీ నా చేత్తోనే వెనక్కి తీసుకున్నాను.

బస్‌స్టాపులో అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఇంతకీ దాన్ని పోయినట్టు రాసేశారా?"

"లేదు. రాయలేదు."

"పోనీలే. ఇంకా పుస్తకంలో ఉందన్నమాట."

అమ్మ ముఖం తేటపడింది. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. చెయ్యి విదిలించుకున్నాను.

"నీ పెద్దకూతుర్ని బతికించుకున్నావుగా! మరి ఆయన సంగతేంటి?"

అమ్మ తల దించుకుంది. బస్సొస్తే ఎక్కాం. ఈ నెలలో ఆయనకి ఇంకా ఎనిమిది డయాలసిస్‌లు ఉన్నాయి. తర్వాత లేవు.