తడవని చేతులు

"మూత కొట్టవే నేలిదా! పడవ వస్తోంది, కనపడట్లా?" అంది అత్తగారు దోన్యా క్రూస్, కుర్చీలోంచి కదలకుండానే.

నేలిదా చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. కనపడుతూనే ఉంది పడవ. దాని మోటారు చప్పుడు పొగమంచులో ఉండగానే ఆమె చెవికి అందింది. పిండి చేతుల్ని నడుముకి రాసుకుని, బీన్స్ ఉడికే పెద్ద గిన్నె మీది మూత తీసి, గుమ్మంలో నిలబడి గరిటెతో మోగించింది. పడవలోని అతిథులంతా ఒక్కసారి కేకలేస్తూ తడిచేతులు పైకెత్తారు. తిమింగలాల్ని చూడటానికి వచ్చేవాళ్ల కోసం నడిపే ఆ శిబిరంలో అదీ ఆచారం. తిమింగలాన్ని తాకి వచ్చినవాళ్లు ఒడ్డు కనపడగానే చేతులెత్తాలి, వంటింట్లోవాళ్లు మూత కొట్టాలి. ఎవరి చేతులూ తడవకుండా వస్తే మూత మోగదు. ఆ పూట పడవవాడు తల వంచుకుని ఇసుక తన్నుకుంటూ నడుస్తాడు.

నేలిదా భర్త రొహెలియోకి తల వంచుకునే అవసరం ఎప్పుడూ రాలేదు. సముద్రపు పాయలాంటి ఆ లగూన్ మొత్తానికీ అతని చెయ్యంటే తిమింగలాలకు తెలుసని పేరు. అతిథుల్ని వెంటబెట్టుకుని కాఫీ కోసం వంటింట్లోకొచ్చాడు. వస్తూనే, రొట్టె కాలుస్తున్న పెళ్లాం నడుం చుట్టూ వెనకనుంచి చెయ్యేసి దగ్గరికి లాక్కున్నాడు. "బయటది మచ్చికైందని మీరంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. మా ఇంట్లోదాన్ని చూడండి. ఇదీ మచ్చికైందే!" అన్నాడు. అందరూ నవ్వారు. నేలిదా కూడా నవ్వింది. పెనం మీద రొట్టె మాడింది.

ఆ నవ్వు కూడా పనే. వంద మందికి రొట్టెలు ఒత్తడం పని, లైఫ్ జాకెట్లు మంచినీళ్లలో జాడించి ఆరేయడం పని, అతిథుల గుడారాల్లోంచి ఇసుక ఊడ్చడం పని. భర్త చెయ్యి నడుం మీద పడినప్పుడు పదిమంది ముందు నవ్వడం వీటన్నిటికంటే పెద్ద పని. ఒక్కదానికీ జీతం లేదు. అడిగితే "ఇంట్లోవాళ్లకి జీతమేంటే, సిగ్గు లేకపోతే సరి" అంటుంది దోన్యా క్రూస్. ఆమె కూడా అదే పెనం ముందు ముప్పై ఏళ్లు నిలబడింది. ఆమెకీ ఎవరూ ఇవ్వలేదు. తనకి రానిది కోడలికి వస్తుందంటే ఏ అత్తకి మింగుడు పడుతుంది?

పెనం ముందు నిలబడ్డప్పుడు నేలిదాకి ఊపిరి వినిపిస్తుంది. తనది కాదు. నీళ్ల మీంచి వచ్చేది. ఫూ... అని ఒక్కటి, కాసేపాగి పక్కనే చిన్నది, తల్లిదీ పిల్లదీ. ఆ చప్పుడు వింటూ రొట్టె ఒత్తుతుంటే వంటింటి గోడలు మెల్లగా పల్చబడి, నేల మెత్తబడి, తను నీళ్ల అడుగున నడుస్తున్నట్టుంటుంది. పైన పడవల కడుపులు నల్లగా తేలుతుంటాయి. వాటి అంచుల్లోంచి చేతులు, చేతులు, చేతులు, వెలుతురులో వేళ్లు కదుపుతూ కిందికి వేలాడుతుంటాయి. పిలుస్తున్నాయో వెతుకుతున్నాయో తెలియదు. అత్తగారు కేకేసేదాకా నేలిదా ఆ నీళ్లలోనే ఉంటుంది.

ఈ లగూన్ ఒడ్డునే పుట్టింది. తిమింగలాన్ని ఒక్కసారీ తాకలేదు. "దేశాలు దాటి డబ్బు పోసి వస్తున్నారు జనం. నీకు గుమ్మం ముందుంది, చెయ్యి తడుపుకోవు. భయమా, పొగరా?" అని ఎద్దేవా చేస్తుంది అత్తగారు. భయం కాదు. ఆమె తండ్రి నికానోర్ చేపలవాడు. ఆయన రోజుల్లో పడవ చెక్కని కర్రతో తట్టుకుంటూ వెళ్లేవాళ్లు, తిమింగలాలు పక్కకి తప్పుకోవాలని. ఒకరికొకరు దూరంగా ఉండేందుకు ఆ చప్పుడు. "వాళ్ల వాకిట్లోంచి వెళ్తున్నాం అమ్మడూ, చెప్పి వెళ్లాలి కదా" అనేవాడు. ఇప్పుడు అవే పడవల్ని అరిచేతులతో తడుతున్నారు, రమ్మని. తప్పుకోమన్న చప్పుడే రమ్మన్న చప్పుడైంది. చెప్పులు విప్పినంత తేలిగ్గా మార్చేశారు. తిమింగలాన్ని ఎవరూ అడగలేదు.

తండ్రి ఆమెకి మోటారు పట్టడం నేర్పాడు, ఆటుపోట్లు నేర్పాడు. పెళ్లయ్యాక అదంతా పిండి డబ్బా కింద పడిపోయింది. ఈ ఏడు పడవ నడిపే ఒకతను వేరే ఊరు వెళ్లిపోయాడు. శిబిరం పెద్ద రొహెలియో వాళ్లన్నయ్య ఎఫ్రాయిన్. ఆయన్ని నేలిదానే వెళ్లి అడిగింది. "బావా, ఆ పడవ నాకివ్వండి."

ఎఫ్రాయిన్ పళ్లు కుట్టుకుంటున్న పుల్ల తీసి, ఆమెని కొత్తగా చూశాడు. "నువ్వా? రొట్టెలెవరు చేస్తారు?"

"రొట్టెలు చేసేవాళ్లకి జీతమిస్తే దొరుకుతారు."

పక్కనే కుర్చీలో ఉన్న దోన్యా క్రూస్ ఉలిక్కిపడింది. ఎఫ్రాయిన్ మాత్రం నవ్వాడు. లైసెన్సు పరీక్షకి ఆమె నిరుడే ఎవరికీ చెప్పకుండా కూర్చుందని ఆయనకి తెలుసు. "సరే అమ్మాయ్. రేపొద్దున ఒక్క ట్రిప్పు. రొహెలియో ముందు కూర్చుంటాడు, నువ్వు మోటారు దగ్గర. అతిథుల్ని తడిచేతులతో తీసుకొచ్చావా, సీజనంతా పడవ నీది. లేదా, పెనం నీది."

పొద్దున్నే లగూన్ అద్దంలా ఉంది, అద్దం మీద ఎవరో ఊపిరి వదిలినట్టు మంచు. మడచెట్ల మీద కొంగలు కూడా నిద్ర లేవలేదు. పడవలో రాజధాని నుంచి వచ్చిన కుటుంబం, వాళ్లతో పాటు ఒంటరిగా వచ్చిన ఒక పెద్దావిడ. సెన్యోరా ఇర్మా అట. మోటారు దగ్గరగా వచ్చి కూర్చుని, అడక్కుండానే చెప్పింది. "మా ఆయన పోయి ఏడాదైందమ్మా. ఏడవలేదు నేను. ఏడుపు రాలేదు. తిమింగలాన్ని తాకితే లోపలిది కదులుతుందని మా చెల్లెలు అంది. ఆమె తాకినప్పుడు ఏడ్చిందట."

నేలిదా ఆమె చేతులు చూసింది. ఉంగరం తీసిన చోట తెల్ల గీత. తాకితే బావుండు పాపం అనుకుంది, నిజంగా అనుకుంది.

ముందు కూర్చున్న రొహెలియో అతిథులకి రోజూ చెప్పేదే చెప్తున్నాడు. "ఇదే నీళ్లలో మన తాతల కాలంలో వీటిని ఈటెలతో పొడిచారండి. పిల్లల్ని ముందు పొడిస్తే తల్లి వదిలి పోదని, అలా పొడిచారు. అయినా ఇవాళ ఇవే వచ్చి మన చేతుల్లో మొహం పెడుతున్నాయి. క్షమించేశాయి! తల్లి మనసు కదా!"

రాజధాని వాళ్లు కళ్లు తుడుచుకున్నారు. క్షమించాయని ఎవరు చెప్పారు? ఆ చెప్పినవాడు తిమింగలం నోట విన్నాడా? పొడిచినవాడి మనవలే తేల్చేశారు, పొడిపించుకున్నది క్షమించిందని. ఇంట్లో కూడా ఇదే జరుగుతుంది. రొహెలియో ఒక సీజన్ మొత్తం పొరుగూరి దానితో తిరిగొస్తే, దోన్యా క్రూస్ ఊరంతా చెప్పింది, "మా కోడలిది బంగారం లాంటి మనసు, క్షమించేసింది" అని. నేలిదా నోరు తెరిచి క్షమించానని ఎప్పుడూ అనలేదు. పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించింది. అంతే. పిల్లలకి ఆకలేస్తోంది కనక వెలిగించింది.

అప్పుడు వచ్చింది తల్లి. ముందు నీళ్లు నునుపుగా ఉబ్బాయి, తర్వాత బూడిదరంగు వీపు, దాని మీద గుల్లలు, గీతలు, పాత గాయాల మచ్చలు. దాని పక్కనే పిల్ల, ఇంకా ముడతలు పోని చర్మంతో. నేలిదా నియమం ప్రకారం గేరు తీసేసింది. మోటారు ఊరికే గురగురలాడుతోంది. వస్తే అవే రావాలి, మనం పోకూడదు. పిల్ల ఆటగా పడవవైపు తల తిప్పింది. చేతులన్నీ ఒక్కసారి నీళ్లవైపు దిగాయి. ఇర్మా చెయ్యి కూడా.

తల్లి మధ్యలోకి వచ్చింది. తొందరేమీ లేదు, దెబ్బ లేదు. గది తలుపు చేర వేసినట్టు, తన ఒళ్లంతా పిల్లకీ పడవకీ మధ్యన చేర వేసింది. పిల్ల దాని చుట్టూ తిరిగి ఇంకోవైపు నుంచి వచ్చింది. తల్లి మళ్లీ అడ్డం వచ్చింది.

"కొంచెం ముందుకి పోనీ, పిల్ల వైపు నుంచి" అన్నాడు రొహెలియో వెనక్కి తిరక్కుండానే.

"అడ్డం వస్తోంది చూడు."

"నాకు తెలీదా? బెట్టు చేస్తోంది. కొంచెం ముందుకెళ్తే తనే వస్తుంది."

మోటారు పిడి మీద నేలిదా చెయ్యి ఆగిపోయింది. మంచులోంచి ఎప్పటి వాసనో వచ్చింది, కట్టెలు, బీరు, నిప్పుల మీద ఆల్చిప్పలు. పెళ్లైన కొత్త. పడవవాళ్లు మంట చుట్టూ కూర్చున్నారు. తను పళ్లెం పట్టుకుని చీకట్లోంచి వస్తోంది. రొహెలియో గొంతు, గర్వంగా, "మొదట్లో బెట్టు చేసిందిరా. ఆడాళ్లంతే. కొంచెం ముందుకెళ్తే వాళ్లే వస్తారు." నవ్వులు. తను పళ్లెంతో వెనక్కి తిరిగి, వంటింట్లో కాసేపు నిలబడి, మొహం కడుక్కుని, మళ్లీ తీసుకెళ్లి వడ్డించింది. ఆ రాత్రులన్నీ ఆమెకి ఒక్కలాగే గుర్తున్నాయి. గోడవైపు తిరిగి పడుకుంటే భుజం మీద చెయ్యి పడేది. ఒళ్లు తలుపులా చేర వేస్తే చుట్టూ తిరిగి ఇంకోవైపు నుంచి. చివరికి కదలకుండా ఉంటే, అదిగో, వచ్చింది అనుకునేవాడు. ఇన్నేళ్లుగా ఆమె కూడా అలాగే అనుకుంది. వచ్చాననే అనుకుంది. పిలిస్తే వెళ్లడం, పట్టుకుంటే ఉండటం, నవ్వమంటే నవ్వడం. దాన్నే ఇష్టమంటారని ఎవరో చెప్తే, పేరు బావుంది కదా అని ఉంచేసుకుంది.

వచ్చే తిమింగలాలూ ఉంటాయి. కోరి వచ్చి, పడవకి వీపు రుద్దుకుని, పొమ్మన్నా పోనివి. వాటి సంగతి వాటికి తెలుసు. ఇది మాత్రం రానంటోంది. నోరు లేదు కనక ఒళ్లంతటితో చెప్తోంది. నెలలుగా తిండి లేకుండా పిల్లకి పాలిస్తున్న ఒళ్లు, ఇంకెంత గట్టిగా చెప్పాలి?

"ముందుకి పోనివ్వవే, పడవ పోగొట్టుకుంటావా?" అన్నాడు రొహెలియో, ఈసారి తిరిగి, గొంతు తగ్గించి. అదీ నిజమే. ఒక్క గజం ముందుకెళ్తే చాలు. పిల్ల చేతికందుతుంది. మూత మోగుతుంది. పెనం ఇంకెవరిదో అవుతుంది. ఇర్మా ఆమెవైపే చూస్తోంది, చెయ్యి నీళ్లకి జానెడు పైన.

"క్షమించండి సెన్యోరా" అంది నేలిదా. "ఇది ఇవాళ వద్దంటోంది."

పడవని మెల్లగా వెనక్కి తీసింది. రొహెలియో లేచి పిడి కోసం వచ్చాడు. ఆమె ఇవ్వలేదు. పదిమంది ముందు పెళ్లాంతో పెనుగులాడితే పేరు పోతుందని ఆగాడు. తల్లి కాసేపు అక్కడే తేలింది. పక్కకి ఒరిగితే ఒక కన్ను పైకి చూసింది. చిన్నది, గోధుమరంగుది. తర్వాత ఊపిరి వదిలింది. ఆ తుంపర గాలికి కొట్టుకొచ్చి పడవలో అందరి మీదా పడింది. దాంట్లో ఇంద్రధనుస్సు ఉందని అతిథులు తర్వాత రాసుకుంటారేమో గానీ, వచ్చింది కంపు. కుళ్లిన చేపల కంపు. నేలిదా మొహం తుడుచుకోలేదు.

ఒడ్డు కనపడింది. ఎవరూ చేతులెత్తలేదు. గుమ్మంలో దోన్యా క్రూస్ మూత పట్టుకుని నిలబడి, కొట్టాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయింది. ఇర్మా దిగి, వెనక్కి చూడకుండా తన గుడారంలోకి వెళ్లిపోయింది. ఏడ్చిందో లేదో నేలిదాకి తెలియలేదు. అది ఆమెని చాలా కాలం పీకుతుంది, తెలుసు.

"పెనం నీది" అన్నాడు ఎఫ్రాయిన్, కోపం కూడా లేకుండా.

వంటింట్లో కాఫీకి జనం చేరారు. రొహెలియో పరువు సర్దుకోవాలి. నవ్వుతూ వచ్చాడు. "ఏం అనుకోకండి, మా ఇంటి తిమింగలానికి ఇవాళ అలక వచ్చింది. సాయంత్రానికి అదే దారికొస్తుంది" అంటూ, అలవాటు చొప్పున వెనకనుంచి నడుం చుట్టూ చెయ్యేశాడు. "బెట్టు చాల్లేవే."

అందరూ ఆమె నవ్వు కోసం ఆగారు. పొయ్యిమీద బీన్స్ ఉడుకుతున్నాయి. బయట, ఎక్కడో దూరాన, ఫూ అని ఒక ఊపిరి.

నేలిదా అతని మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు. ఆ చేతిని తన నడుం మీంచి తీసి, పిండి చల్లిన బల్ల మీద పెట్టింది. కళ్లలోకి చూసి, అందరికీ వినపడేలా చెప్పింది.

"ఇది బెట్టు కాదు రొహెలియో. ఏ రోజూ కాదు."