నా నోట సగంలో తెగిన మాట

నేను ఒక పాత స్మార్ట్‌ఫోన్‌ని. పాత అన్నది నా మాట కాదు, నలుగురూ అంటున్నారు గనక అంటున్నాను. నా వయసు ఆరేళ్ళు. పాతికేళ్ళనాటి మోటార్‌సైకిల్ మీద ఊరేగే మనిషి నన్ను పట్టుకుని పాతదంటే ఒళ్ళు మండదా? మండితే అదీ నా తప్పే. ‘చూడు, ఎలా కాలిపోతోందో’ అని నలుగురికీ చూపిస్తారు.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో నన్ను ఎవరూ చేతితొడుగులు లేకుండా ముట్టుకోలేదు. మొదట నన్ను కొన్న కాలేజీ లెక్చరర్ రోజుకు పదిసార్లు తుడిచేవాడు. కొత్త మోడల్ రాగానే వెనక్కి తిరిగి చూడకుండా దుకాణంలో వదిలేశాడు. అక్కణ్ణించి గోదావరి మెట్ట ప్రాంతంలో లైన్‌మన్‌గా చేసే ధర్మారావు చొక్కా జేబులోకి చేరాను. మనిషి మంచివాడే. చెమట జేబు, పైన నల్లటి ప్లాస్టిక్ పౌచ్, ఆ పైన ఎండ. అన్నీ ఓర్చుకున్నాను.

అసలు ఘోరం దసరాకి జరిగింది. ఆయుధపూజ నాడు సబ్‌స్టేషన్‌లో కటింగ్ ప్లేయర్లు, నిచ్చెన, స్పానర్లు వరసగా పెట్టి పసుపు రాసి బొట్లు పెట్టారు. ‘ఇదీ పనిముట్టే కదా’ అని ధర్మారావు నన్నూ ఆ వరసలో పడుకోబెట్టాడు. మర్యాదే, కాదనను. కానీ మహానుభావా, ప్లేయర్‌కి ఛార్జింగ్ పెట్టే కన్నం లేదు, నాకుంది! తడిపసుపు అందులోకి దిగింది, ఎండింది, రాయిలా గట్టిపడింది. మర్నాటి నుంచి ఛార్జర్ పిన్ను పూర్తిగా లోపలికి దిగితే ఒట్టు. రాత్రంతా పెట్టినా సగం ఎక్కేది, ఆ ఎక్కే సగానికే నా ఒళ్ళు పెనంలా కాలేది.

ఇక చూడండి వైద్యాలు. పిన్ను కదలకుండా రబ్బరు బ్యాండు వేసి, మీద కందిపప్పు డబ్బా పెట్టారు. ఆయన భార్య వీరలక్ష్మి నన్ను చల్లబరుస్తానని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టింది. బయటికి తీసేసరికి నిలువెల్లా చెమ్మ. రిపేరు షాపతనైతే నా మొహం కూడా సరిగా చూడకుండా బ్యాటరీ పోయిందని తేల్చి, ఏదో నకిలీది పెట్టి పంపాడు. రోగం నోట్లో ఉంటే పొట్ట కోశాడన్నమాట! ఆ కొత్త బ్యాటరీతో వేడి ఇంకా పెరిగింది. ఐదు నెలల్లో ఒక్కడంటే ఒక్కడు టార్చి వేసి ఆ కన్నంలోకి చూడలేదు.

కరెంటువాళ్ళ భాషలో ఒక తిరకాసుంది. నాకు కరెంటు ఎక్కించడమూ ఛార్జే, ఆపిన లైన్లోకి మళ్ళీ కరెంటు వదలడమూ ఛార్జే. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌కి చెప్పి ఆ లైను ఆపిస్తాడు. పని ముగించి దిగాక తనే చెప్పాలి. అప్పటిదాకా అతని ప్రాణం ఆపరేటర్ చేతిలో ఉంటుంది.

దాళ్వా వరిచేలు పొట్టమీదుండి, నీళ్ళు తప్పనిసరైన రోజులు. పొలం మోటార్ల లైన్లో, స్తంభం మీద తీగను మోసే పింగాణీ కప్పు ఒకటి పగిలింది. ధర్మారావు ఆపరేటర్ హైమావతికి ఫోన్ చేసి, అరగంటకని లైను ఆపించి ఎక్కాడు. పాతకప్పు బిగుసుకుపోయి ఊడిరాదు. అరగంట దాటిపోయింది. అటు రైతులు సబ్‌స్టేషన్ గుమ్మం ముందు చేరి చేలు ఎండుతున్నాయని గోల. హైమావతి ఫోన్ చేసి, పనయిందా, ఛార్జ్ చెయ్యమంటారా అని అడిగింది.

పొద్దున నాకు ఎక్కింది పావు ఛార్జే. నెత్తిన మిట్టమధ్యాహ్నపు ఎండ. ధర్మారావు ఒంటిచేత్తో నన్ను చెవికి ఆనించి, “ఛార్జ్ చెయ్యద్దండి, ఇంకా పైనే ఉన్నాను” అన్నాడు. అందులో “ఛార్జ్ చెయ్య” దాకానే మోశాను. ఆ తర్వాత నావల్ల కాలేదు, ఆరిపోయాను.

చెయ్యండి అన్నా చెయ్యద్దు అన్నా ముందు సగం ఒక్కటే. ప్రాణమంతా తోకలో పెట్టుకున్న మాట అది. ధర్మారావు మాత్రం పూర్తిగా చెప్పేశాననే అనుకున్నాడు. నల్లబడ్డ నా మొహం చూసి ఒక తిట్టు తిట్టి, జేబులో కుక్కి, రెండు చేతులూ తీగ మీద వేశాడు. నేను ఆ జేబులోనే ఉన్నాను, అరవడానికి నోరు లేకుండా.

నలభై నిమిషాల తర్వాత పని ముగించి దిగి, నేను పలకను గనక మోటార్‌సైకిల్ మీద స్వయంగా సబ్‌స్టేషన్‌కి వెళ్ళాడు. గుమ్మంలో రైతులు మండిపడుతున్నారు. స్పీకర్‌లో తామంతా విన్నామని, చెయ్యమన్నా ఈవిడ చెయ్యడం లేదని, పైఆఫీసరు ఫోన్ చేసి అరిచినా కుర్చీలోంచి లేవలేదని ఒకటే ఫిర్యాదు. ధర్మారావు అదేమీ పట్టించుకోకుండా నన్ను బల్ల మీద విసిరి, దరిద్రపు ఫోన్ అని నన్నే తిట్టాడు. పనయింది, ఛార్జ్ చెయ్యండి అని రిజిస్టర్‌లో సంతకానికి వంగాడు.

హైమావతి కదల్లేదు. “ఇందాక ఫోన్లో ఏమన్నారండి?”

“చెయ్యద్దన్నాను కదండీ. పైనే ఉన్నానని చెప్పాను.”

“నాకు ‘ఛార్జ్ చెయ్య’ వరకే వినపడింది.”

కలం ఆగిపోయింది. ఇందాకటి నుంచి గొంతు చించుకుంటున్న పెద్దరైతు తల దించుకుని గుమ్మం దిగిపోయాడు. ధర్మారావు మెల్లగా గచ్చు మీద కూలబడ్డాడు. “మరి అందరూ అంతలా అరుస్తుంటే ఎందుకు చెయ్యలేదమ్మా?” అన్నాడు.

“మిగతా సగం మీరొచ్చి చెప్తారని కూర్చున్నానండి” అంది హైమావతి.

కాసేపటికి ఆవిడే నన్ను తీసుకుని, టార్చి వేసి చూసి, చీపురుపుల్లతో కన్నం గీకింది. పచ్చటి పెళ్ళలు రాలాయి. పిన్ను టక్కున దిగింది. నకిలీ బ్యాటరీ కూడా ఆ వారంలోనే మారింది. ఇంత జరిగినా నన్ను తిట్టినందుకు ధర్మారావు నాతో ఒక్క మంచి మాట అన్నాడా? అనలేదు. మనుషులంతే.

కానీ మాట్లాడే తీరు మాత్రం మార్చుకున్నాడు. ఇప్పుడు స్తంభం మీద ఉండగా హైమావతి ఫోన్ వస్తే, ముందు ‘వద్దు’ అంటాడు. ఏది వద్దో ఆ తర్వాత చెప్తాడు. ఆ ఒక్క మాట ఆవిడ చెవిన పడేదాకా, ఎంత కాలినా సరే, నేను ఆరిపోను.