ధాన్యపు కొట్టు కాదు, చెరసాల

"ఇది రాజుగారి ధాన్యపు కొట్టు. కరువొస్తే జనానికి పంచడానికి గింజలు ఇక్కడే దాచేవారు." గైడమ్మ స్టవ్ ముందు నిలబడి ఈ ముక్కే వల్లె వేస్తోంది. గోడలకు సున్నం వేసే పని చేసే ఆమె భర్త టీ చప్పరిస్తూ, "కాస్త నవ్వుతూ చెప్పవే. ఆ మొహం చూస్తే గింజలకి పురుగు పట్టిందనుకుంటారు" అన్నాడు.

ముచ్చటైన సంసారమే కదూ! అయ్యలారా, అమ్మలారా, అబద్ధం మన ఇళ్ళలోకి ఇలాగే, నాలుగు మెతుకుల పేరు చెప్పుకునే వస్తుంది.

కొండమీది పాడుబడ్డ కోటకు ఆమె గైడు. అందులోని కిటికీ లేని గది ఒకప్పటి చెరసాల. కోట కడుతూ కూలి అడిగినవాళ్ళని అందులోకి తోసేవారు. గోడల నిండా వాళ్ళు రాతిముక్కలతో గీసుకున్న బొమ్మలున్నాయి: ఇంటి దగ్గర వదిలొచ్చిన మేక, రోజూ ఎక్కి పని చేసిన నిచ్చెన, పసిబిడ్డ చెయ్యి. ఇప్పుడు కోటను బాగుచేయిస్తానంటూ వచ్చిన షావుకారు ఆ బొమ్మల మీద సున్నం కొట్టించి, గదిని పెళ్ళిళ్ళకు అద్దెకిస్తాడట.

"శుభమా అని పెళ్ళి జరిగే చోట చెరసాల ఏమిటి? కొట్టు అని చెప్పు, లేదా ఉద్యోగం మానుకో" అన్నాడు షావుకారు మేనేజరు. సున్నం పని ఆమె భర్తకే ఇచ్చారు. ఇల్లు గడవాలంటే ఇద్దరూ తలూపక తప్పదు.

ఆ రోజు షావుకారు తన తల్లినీ, మేనేజరునీ వెంటబెట్టుకుని ఆ గదిలోకి వచ్చాడు. గైడమ్మ భర్త గుమ్మం బయట బకెట్లో సున్నం కలుపుతున్నాడు. ఆ ముసలావిడ గోడ తడిమి, "ఈ చిన్న చెయ్యి ఎవరిదమ్మా?" అని అడిగింది.

గైడమ్మ నోరు తెరిచింది. వల్లె వేసిన ముక్క వదిలేసి, ఆ బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఇక్కడే కుళ్ళి చచ్చిన ఓ తండ్రి గీసుకున్న బిడ్డ చెయ్యమ్మా. ఇది కొట్టు కాదు, చెరసాల. కోట కట్టినవాళ్ళనే ఇందులో పెట్టి చంపారు."

"పిచ్చి పట్టిందా నీకు?" అని అరిచిన మేనేజరు ఆమె భర్త వైపు తిరిగాడు. "చూస్తావేంటయ్యా, కొట్టు సున్నం!"

అతను బ్రష్షు, బకెట్టు పట్టుకుని లోపలికొచ్చాడు; ఇన్నేళ్ళ కాపురంలో ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. గోడ కేసి చూశాడు. అలాంటి నిచ్చెనే అతనూ రోజూ ఎక్కుతాడు. ఒళ్ళు మండిపోయింది. బ్రష్షు బకెట్లో పడేశాడు.

"ఆగండి సార్. మా ఆవిడ మాట్లాడుతోంది. ఇంట్లో నేనే అడ్డం రాను, మధ్యలో మీరెవరు?"

"ఇద్దరి పనులూ పోతాయి, తెలుసా?" అన్నాడు షావుకారు.

"పోతే పోనివ్వండి!" గైడమ్మ గోడకు వీపు ఆనించి నిలబడింది. "రేపటినుంచి గేటు బయటే నిలబడి అందరికీ చెప్తాను. రాజు దర్బారుకి రంగులేసి, కూలివాడి గోడకి సున్నం కొడితే దాన్ని కోటను కాపాడటం అనరు షావుకారుగారూ, ఆ కూలివాణ్ణి రెండోసారి చంపడం అంటారు."