వారం గోలీ

ఛత్రినాకలో, మూడు సందులు కలిసే చోట, దవాఖానగా మార్చిన ఒక మల్గి దుకాణం మీద బోర్డు ఉంది. శారదాంబ రోజూ పొద్దున్నే దాన్ని తడిగుడ్డతో తుడుస్తుంది. తుడిచాక కొంచెం వెనక్కి జరిగి చదువుతుంది. డాక్టర్ స్రవంతి, ఎం.బి.బి.ఎస్. ఆ కింద ఒక నంబరు.

శారదాంబ బడి ముఖం చూసిన మనిషి కాదు. భర్త ఆదిశేషయ్య బతికున్న రోజుల్లో వాళ్ల కిరాణా కొట్లో పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. అందుకే ఆ రోజుల్లో లోకం సంగతులు ఆమెకు సగమే తెలిసేవి. మిగతా సగం కందిపప్పుతో పాటు ఎవరింటికో వెళ్లిపోయేది.

బోర్డు పెట్టిన కొత్తలో ఆమె అడిగింది. “ఆ నంబరు ఏందే? ఫోన్‌దా?”

“కాదు నానమ్మా. మెడికల్ కౌన్సిల్‌ల నా పేరు మీదున్న నంబరు. మందు రాసిన ప్రతి చీటీ మీద నా సంతకం కింద అది ఉండాలె. ఎట్ల పడితే అట్ల రాస్తే గుంజుకుంటరు.”

ఆ రోజు నుంచీ శారదాంబకు అదొక దిగులు. రాత్రికి రాత్రి ఆ అంకెల్లో ఒకటి ఎవరైనా పట్టుకుపోతారేమో అన్నట్టు, పొద్దున్నే తుడిచే నెపంతో లెక్క చూసుకునేది. అన్నీ ఉంటే గుండెల నిండా గాలి పీల్చుకుని లోపలికి వెళ్లి టోకెన్లు పట్టుకుని కూర్చునేది. తన వంశంలో పేరు కింద నంబరు ఉన్న మొదటి మనిషి తన మనవరాలు.

ఆ మంగళవారం పొద్దున టోకెన్ తీసుకోకుండానే లోపలికి వచ్చింది విమలాదేవి. నలభై ఏళ్లుగా పక్కింటి మనిషి. రెండిళ్లకూ మధ్య ఒక్క గోడే. ఆమె కొడుకు శ్రవణ్‌కుమార్ షాద్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. సందు చివర సామాన్ల డీసీఎం లారీ నిలబడి ఉంది. మంచాలు, బీరువా, తులసి కుండీ అప్పటికే ఎక్కేశాయి. మధ్యాహ్నం బండి కదులుతుంది.

శారదాంబకు రాత్రంతా నిద్ర లేదు. ఆమె జీవితంలో మనుషులు సరిగ్గా వీడ్కోలు చెప్పి వెళ్లింది తక్కువ. ఆదిశేషయ్య బేగంబజారుకు సరుకు తేవడానికని వెళ్లి అంబులెన్సులో తిరిగొచ్చాడు. సొంత అక్క ఒక ఇత్తడి గంగాళం దగ్గర మాటా మాటా పెరిగి, వెనక్కి తిరిగి చూడకుండా గడప దిగింది. మళ్లీ ఒకరి ముఖం ఒకరు చూసుకోనే లేదు. ఆ గంగాళాన్ని శారదాంబ ఇప్పటికీ వాడదు, అమ్మదు. విమల మాత్రం అట్లా వెళ్లకూడదు. అందుకే నిన్న విమల కీళ్లనొప్పుల మందు ఊసెత్తితే మాటిచ్చేసింది. “నా మన్మరాలు రాస్తది. నీకేం ఫికర్?”

విమల కొంగు ముడి విప్పి, మడతల దగ్గర చిరిగిన పాత చీటీ ఒకటి బల్ల మీద పెట్టింది. “గిదే మల్ల రాయి బిడ్డా. కొత్త ఊర్ల ఎవల్ని అడగాలె నేను?”

స్రవంతి చీటీని అటూ ఇటూ తిప్పింది. “ఇది రాసి ఏడాదయింది విమలమ్మా. రక్తపరీక్ష ఎప్పుడు చేయించిన్రు?”

“నొప్పులు తగ్గినయ్ గద, పరీక్ష ఎందుకు?”

“వేరే డాక్టర్ రాసింది చూసి ఎత్తి రాయొద్దు. మిమ్మల్ని చూడాలె, రక్తం చూడాలె. చూడకుండ నేను రాయను.”

“చూడకుండనా?” విమల బల్లకు మరింత దగ్గరగా జరిగింది. “నీకు పండ్లు రానప్పటికెల్లి చూస్తున్న నిన్ను. ఇగో, ఎదురుంగ కూసున్న. కండ్లద్దాలు గిన మర్చిపోయినవా?”

బెంచీ మీద ఉన్నవాళ్లు నవ్వారు. శారదాంబ నవ్వలేకపోయింది. గోడ గడియారం వైపు చూసింది. “ఒక్క చీటీ బిడ్డా. బండి కదుల్తది” అంది మెల్లగా.

“నానమ్మా, బోర్డు మీద ఆ నంబరు రోజూ తుడుస్తవ్ గద. అది ఎందుకున్నదనుకున్నవ్?”

మనవరాలి వైపు మాట్లాడితే విమల పోతుంది. విమల వైపు మాట్లాడితే నంబరు పోతుంది.

విమల చీటీ మడిచి మళ్లీ కొంగున కట్టుకుంది. “శారదక్కా, నీ మన్మరాలు మస్తు పెద్దదైంది. మంచిగుండుర్రి. నేను పోతున్న.”

శారదాంబకు ఆమె వీపు కనిపించింది. అక్క వీపు కూడా ఇట్లాగే కనిపించింది ఆ రోజు. గబగబా వెళ్లి చెయ్యి పట్టుకుంది. “చాయన్న తాగి పోవే. ఫ్లాస్కుల ఉన్నది.”

“వద్దక్కా. నోరంత పుండయింది. మంచినీళ్లు తాగినా మంటనే. నిన్న నీ చింతకాయ తొక్కు గూడ అందుకే ముట్టలే.”

తొక్కు ముట్టలేదని శారదాంబ నిన్నటి నుంచీ లోలోపల నొచ్చుకుంటూనే ఉంది. ఇప్పుడు ఆ నొప్పి పోయి, దాని చోట భయం వచ్చి కూర్చుంది. విమల చెయ్యి వదలకుండానే వెనక్కి తిరిగింది. “స్రవంతీ, దీని నోరు పూసిందంట.”

స్రవంతి కుర్చీలోంచి లేచి వచ్చింది. “కూసోండి విమలమ్మా. నోరు తెరువుండ్రి.” టార్చి వేసి చూసింది. “ఆ గోలీ ఎట్ల ఏసుకుంటున్రు?”

“రోజొకటి.”

“రోజూనా? ఎవరు చెప్పిన్రు?”

“ఇన్నొద్దులు శ్రవణ్ చేతిల పెట్టిన గోలీలన్ని మింగెటిదాన్ని, ఏది ఎప్పటిదో నాకెరుకలే. వాడు సామాన్లు కట్టుకునుడుల పడ్డడని నేనే పోయి తెచ్చుకున్న. దుకాణపాయన హఫ్తా గోలీ, వారం గోలీ అన్నడు. హఫ్తా గోలీ అంటే హఫ్తా దినాలు ఏసుకోవాలె గద. నొప్పులు తగ్గినయ్, అయిపోవస్తున్నయ్ అనే నీ తానికొచ్చిన.”

కొంగులోంచి మందు కవరు బయటికి వచ్చింది. శారదాంబ దాన్ని అందుకుని వెలుతురు వైపు తిప్పి చదివింది. పెన్నుతో ఒకే ఒక్క మాట రాసి ఉంది. “వారం. గింతే రాసిన్రు బిడ్డా. వారానికి ఒకటనీ లేదు, వారం రోజులనీ లేదు.”

కవరులోని పట్టీలో ఆరు గుంటలు ఖాళీ. ఏడోది ఆ రోజు రాత్రికి. బెంచీ మీద ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

“అది వారానికి ఒక్కటే, ఒక్క రోజే ఏసుకునే మందు విమలమ్మా. రోజూ పడితే విషమైతది, మీ నోరు పూసింది దాంతోనే” అంది స్రవంతి. గొంతు పెంచలేదు, తిట్టలేదు. పెద్ద ఆసుపత్రికి ఫోన్ చేసి ఎవరితోనో మాట్లాడింది. తర్వాత కాగితం తీసుకుని విడివిడిగా పెద్ద అక్షరాల్లో రాసింది. మందు పేరు, ఎంత బలం, ఎన్ని మింగింది, ఏ రోజు నుంచి, నోట్లో ఏం కనిపించింది. కింద సంతకం. సంతకం కింద నంబరు.

అంతలో శ్రవణ్‌కుమార్ గుమ్మంలోకి వచ్చాడు. “అమ్మా, డ్రైవర్ లొల్లి చేస్తుండు.”

“బండిని పొమ్మను అన్నా” అంది స్రవంతి. “అమ్మను ఆసుపత్రికి తీస్కపోవాలె. ఇప్పుడే.”

ఆటోలో విమల పక్కన శారదాంబ కూర్చుంది. కాగితాన్ని దారి పొడవునా గుండెకు అదుముకునే ఉంది. ఆసుపత్రిలో తెల్లకోటు వేసుకున్న నడివయసు డాక్టరు దాన్ని ఒకసారి చదివాడు. రెండో ప్రశ్న అడగలేదు. రక్తం తీయమన్నాడు, విరుగుడు ఇంజెక్షన్ పెట్టమన్నాడు. ఆ తర్వాత కాగితాన్ని ఇంకోసారి చూసి అడిగాడు. “ఈ డాక్టరు ఎవరమ్మా?”

“నా మన్మరాలు” అంది శారదాంబ. అతను అడగకపోయినా ఆ నంబరు కూడా చదివి వినిపించింది.

మంచాలు, బీరువా, తులసి కుండీ ఆ సాయంత్రం మనుషులు లేకుండా షాద్‌నగర్ చేరాయి. విమల పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. రెండు రోజులు చాలా కష్టమైంది. ఆ రెండు రోజులూ శారదాంబ బోర్డు తుడవలేదు. మూడో రోజు విమల గంజి రెండు చెంచాలు మింగిందని ఫోన్ వస్తే, గుడ్డ తడిపి తెచ్చుకుంది.

ఈలోగా మల్గిలో ఒక కొత్త పద్ధతి మొదలైంది. స్రవంతి రాసిన చీటీ నేరుగా రోగి చేతికి వెళ్లదు. మందు పేరు కింద ఎప్పుడు, ఎట్లా వేసుకోవాలో తెలుగులో రాసి నానమ్మకు ఇస్తుంది. శారదాంబ పైకి చదువుతుంది. ఆమె ఎక్కడ తడబడితే అక్కడ స్రవంతి తిరిగి రాస్తుంది. వారం అనే మాట ఒంటరిగా ఎక్కడా కనపడదు. ఆదివారమో, బుధవారమో, ఆ రోజు పేరే ఉంటుంది.

పన్నెండో రోజు విమల వచ్చింది. కాస్త చిక్కింది. ఈసారి శారదాంబ ఎదుట నిలబడి చెయ్యి చాపింది. “నా టోకెన్ ఏదక్కా?”

“ఏడు. కూసో.”

విమల తన వంతు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చుంది. ఛత్రినాకలో అది చూసినవాళ్లు చాలా రోజులు చెప్పుకున్నారు. స్రవంతి ఆమెను పరీక్షించి, ఆసుపత్రి కాగితాలన్నీ చదివింది. కీళ్ల డాక్టరు మళ్లీ చూసేదాకా ఆ గోలీ ముట్టొద్దని చెప్పి, మరో మందు రాసింది. చీటీ శారదాంబ దగ్గరికి వచ్చింది.

“రోజూ రాత్రి, ఒకటి, ఆహారా... ఆహారానం...” శారదాంబ చీటీ వెనక్కి తోసింది. “డాక్టరమ్మా, గిది సమజైతలేదు.”

స్రవంతి ఆ మాట కొట్టేసి, చిన్న సంతకం పెట్టి, పక్కన రాసింది. తిన్నాక.

బయట షాద్‌నగర్ వెళ్లడానికి శ్రవణ్‌కుమార్ తెచ్చిన కారు ఆగి ఉంది. శారదాంబ చింతకాయ తొక్కు సీసా తెచ్చి విమల ఒడిలో పెట్టింది. దాని మీద అంటించిన కాగితం మీద ఆమె సొంత దస్తూరీ ఉంది. “నోరు పూర్తిగా మానినాకనే. అన్నంలో, కొంచెమే.”

విమల దాన్ని చదివి మూతి విరిచింది. “కింద నంబరు లేదు గదక్కా. ఇది చెల్లుతదా?”

శారదాంబ మనవరాలి పెన్ను అడిగి తీసుకుంది. కాగితం కింద తన పేరు రాసింది. ఆ కింద, క్షణం ఆలోచించి, తన ఇంటి నంబరు వేసింది. విమల నవ్వింది. నోట్లో ఇంకా ఎక్కడో చురుక్కుమని నవ్వు మధ్యలో ఆపుకుంది.

కారు కదిలింది. సందు మలుపు దగ్గర విమల కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసింది. కారు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.