గడప దగ్గర ఆగిన పేరు

కొత్త జంట ఇంట్లో అడుగుపెట్టే ముందు ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా నిలబడి పేర్లు చెప్పించడం కోనసీమలో ఉన్నదే. "నేనూ, ఫలానా వచ్చేం" అని ఇద్దరూ చెప్పేదాకా గడప దాటనివ్వరు. జనానికి అదో సరదా. పద్మశ్రీకి మాత్రం ముహూర్తం పెట్టుకున్న రోజు నుంచీ అదే బెంగ. కొడుకు దీపక్‌కి నత్తి, అందులోనూ 'ల' దగ్గర మరీను. చూసి చూసి వాడు మనసుపడ్డ పిల్ల పేరేమో లక్ష్మీదుర్గ.

ఐనవిల్లి గుడిలో తాళి కట్టడం అయింది. కార్లు ఇంటికి చేరేలోపు పద్మశ్రీ ముందుగా వచ్చి, హారతి పళ్ళెం సర్దుతున్న సూర్యావతిని పక్కకి పిలిచింది. దీపక్‌కి అక్కచెల్లెళ్ళు లేరు కాబట్టి గుమ్మానికి అడ్డం నిలబడే హక్కు మేనత్త సూర్యావతిదే.

"వదినగారూ, ఆ పేర్ల తంతు మానేద్దామండీ. పదిమందిలో వాడు నవ్వులపాలైపోతాడు."

"ఆయ్, ఆ మాత్రం నాకు తెల్దా? మా తమ్ముడికి మానెయ్యలేదూ?"

ఆ మాటతో పద్మశ్రీ మనసు మూడు పదుల ఏళ్ళు వెనక్కి పోయింది. ఇదే గుమ్మం, అప్పుడు పెంకుటిల్లు. ఇదే సూర్యావతి, వాలుజడ వేసుకుని తమ్ముణ్ణి నిలదీసింది. పెళ్ళికొడుకు వీరవెంకటరమణ "నేనూ, ప..." అని ఆగిపోయాడు. పెదవులు అతుక్కుపోయాయి, మెడనరాలు ఉబ్బాయి. వెనక నుంచి ఎవరో "పద్మశ్రీ అనరా" అని అందించారు. ఇంకెవరో కిసుక్కున నవ్వారు. తమ్ముడి మొహం చూడలేక సూర్యావతి తప్పుకుంది. "సర్లే, అమ్మాయి చెప్పింది, చాలు, రండి" అంది. అలా తన పేరు ఆయన నోట పలక్కుండానే పద్మశ్రీ కాపురానికి వచ్చింది.

ఆ తరవాత ఆయన ఆ పేరు జోలికే పోలేదు. "ఇదిగో", "ఏమోయ్" లతోనే సంసారం గడిచిపోయింది. ఊళ్ళో మగాళ్ళందరూ పెళ్ళాల్ని అలాగే పిలుస్తారు కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు. 'ప' ఆయనకి ఆగర్భ శత్రువు. హోటల్లో పెసరట్టు తినాలని ప్రాణం లాగినా ఇడ్లీ తెమ్మనేవాడు. అత్తారి ఊరు పలివెల. బస్సులో ఆ పేరు చెప్పలేక రావులపాలెం దాకా టికెట్టు తీసుకుని మధ్యలో దిగిపోయేవాడు. "ఈ దర్జా ఏటండీ?" అని ఆవిడ ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవాడు. ఇంట్లో మాత్రం ఆయన అడక్కుండానే పెసరట్టు పళ్ళెంలోకి వచ్చేది. ఆయన మాట తట్టుకుంటే ఆవిడే అందుకుని పూర్తి చేసేసేది. అదే ప్రేమనుకుంది, ప్రేమే కూడాను.

ఒక్క ముల్లు మాత్రం లోపల ఉండిపోయింది. రామాలయంలో భజన పట్టుకుంటే ఆయన గొంతు ఎక్కడా ఆగేది కాదు. పెరట్లో దూడతో బోలెడు కబుర్లాడేవాడు, ఒక్క మాటా తడబడేది కాదు. దేవుడి పేరుకి అడ్డురాని నత్తి నా పేరుకే వచ్చిందా, ఇష్టం లేక కాకపోతే, అనుకునేది పద్మశ్రీ. సాయంత్రాలు కాలవగట్టు మీద ఆయన ముందు నడుస్తుంటే, ఒక్కసారి వెనక్కి తిరిగి పేరు పెట్టి పిలిస్తే బావుణ్ణని ఎంత ఉండేదో! ఆ కోరిక ఎవరితో చెప్పుకున్నా నవ్విపోతారు.

దీపక్‌కి చిన్నప్పుడు మాట తట్టుకుంటుంటే మొదట వస పోయించింది. గుణం కనపడక కాకినాడలో మాటల వైద్యం చేసే ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఇది తెలివితక్కువా కాదు, పిరికితనమూ కాదమ్మా. కొన్ని కుటుంబాల్లో వస్తుంటుంది" అన్నదావిడ. "పాట పాడేటప్పుడు సాధారణంగా రాదు. పేరు చెప్పమంటే మాత్రం చాలామందికి వస్తుంది. మిగతా మాటలకి బదులు ఇంకో మాట వేసుకుని తప్పించుకోవచ్చు. పేరుకి బదులేముంది చెప్పండి? మీరు మాట అందించకండి. ఆగండి, అంతే."

కొడుకు విషయంలో పద్మశ్రీ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. మొగుడి విషయంలో ఆ మాట గుర్తుకే రాలేదు. దీపం కిందే చీకటి.

ఇంతలో కార్లు వచ్చాయి. హారతి అయ్యాక సూర్యావతి పక్కకి తప్పుకోబోయింది. దీపక్ కదల్లేదు.

"అత్తా, అడగవా?"

"వద్దులేరా నాన్నా."

"అ...అడుగు. నేను నత్తిగానే చెప్తాను."

సూర్యావతి పద్మశ్రీ వైపు బితుకుబితుకుమంటూ చూసి, అడిగింది. "ఎవరెవరొచ్చేరు?"

"నేనూ, ల... ల... ల..."

"లక్ష్మీదుర్గ అనరా!" అని వెనక నుంచి కేక. మాట అందించే మహానుభావుడు ప్రతి పెళ్ళికీ ఒకడుంటాడు, పిలవకపోయినా వస్తాడు.

లక్ష్మీదుర్గ వెనక్కి తిరిగింది. "నా పేరు నాకు తెలుసండీ. ఆయన నోట విందామని నిలబడ్డాను."

దీపక్ కంగారు పడలేదు, మాట మార్చలేదు. పట్టాల్సినంత సేపు పట్టింది. "ల... లక్ష్మీదుర్గా వచ్చేం." ఆ పిల్ల వాడి పేరు చెప్పింది. ఇద్దరూ కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళారు.

పద్మశ్రీ కళ్ళు ఒత్తుకుంటూ వెనకే వెళ్ళబోతే ఎవరో చెయ్యి పట్టుకుని ఆపారు. వీరవెంకటరమణ! పదిమందిలో ఆయన ఆవిడ చెయ్యి పట్టుకోవడం పెళ్ళినాటి తరవాత మళ్ళీ ఇదే.

"అక్కా" అన్నాడు. "నన్నూ అడుగు."

సూర్యావతికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నెరిసిన ముడి సర్దుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎవరెవరొచ్చేరయ్యా?"

"నేనూ, ప... ప..."

అవే పెదవులు, మళ్ళీ అలాగే అతుక్కుపోయాయి. మెడనరాలు ఉబ్బాయి. ఇన్నేళ్ళ అలవాటు కదా, మాట పద్మశ్రీ నాలిక చివరిదాకా వచ్చేసింది. పంటి బిగువున ఆపుకుంది. చెమటలు కక్కుతున్న ఆ మొహాన్ని తేరిపార చూసింది. ఇష్టం లేని పేరు కోసం ఏ మనిషీ ఇంత పెనుగులాడడు. ఆ సంగతి తెలియడానికి ఇన్నాళ్ళు పట్టిందా అని ఆవిడకి ఏడుపొచ్చింది.

"ప... ప... పద్మశ్రీ. వచ్చేమక్కా."

సూర్యావతి చెంగుతో ముక్కు తుడుచుకుని తప్పుకుంది. "రండి."

పద్మశ్రీ గడప దాటలేదు. అక్కడే నిలబడి మొగుడి వైపు తిరిగింది.

"ఇంకోసారి అనండి" అంది. "నాకేం తొందర లేదు."